రోమ్‌లో వారం రోజులు: నగరానికి ఎన్ని, బయటి ఊళ్ళకు ఎన్ని?

ఓరుగల్లు కోడలు:
అందరికీ నమస్కారం. సెప్టెంబరు నెలాఖరులో మా వారు, నేను, మా అత్తయ్యగారు వారం రోజులు ఇటలీ వెళ్తున్నాం. రోమ్‌లో టెర్మిని స్టేషను పక్కన ఒకే హోటల్లో బస. మా వారు వేసిన పట్టికలో పాంపీ శిథిలాలు, ఫ్లోరెన్స్, ఓర్వియెటో, టివోలి నాలుగు ఊళ్ళూ ఉన్నాయి. పొద్దున వెళ్ళి రాత్రికి తిరిగి రావడం. రోమ్‌కు మిగిలేవి మూడే రోజులు, అందులో ఒకటి విమానం దిగే రోజు. అత్తయ్యగారికి డెబ్బై ఏళ్ళు, మోకాళ్ళ నొప్పులు. నాలుగు డే ట్రిప్పులు ఎక్కువని నా అభిప్రాయం. మీ సలహా చెప్పగలరు.

రైలుబండి:
నేను మ్యూనిక్‌లో ఉంటాను, ఇటలీ రైళ్ళు నాకు బాగా అలవాటు. మీ వారి పట్టికలో తప్పేమీ లేదు. రోమ్ నుంచి, పాంపీకి దారైన నేపుల్స్‌కు హైస్పీడ్ రైల్లో గంటా పది నిమిషాలు, ఫ్లోరెన్స్‌కు గంటన్నర. సామాను మోయకుండా, హోటలు మారకుండా ఇన్ని చోట్లు చూడగలగడం పెద్దవాళ్ళకే ఎక్కువ సుఖం. హైస్పీడ్ టికెట్లు ముందుగా కొంటే చవక. ప్రాంతీయ రైళ్ళ ధర ఎప్పుడు కొన్నా ఒకటే.

గౌతమీతీరం:
రైలుబండి గారు రైల్లో కూర్చునే సమయం ఒక్కటే లెక్కించారు. ప్రయాణం హోటలు గుమ్మం దగ్గర మొదలవుతుంది. నేపుల్స్‌లో దిగాక మెట్లు దిగి చిర్కుమ్‌వెసువియానా అనే లోకల్ రైలు పట్టుకోవాలి, అది మరో ముప్పావు గంట దాకా పడుతుంది, రద్దీ వేళల్లో సీటు దొరకదు. ఆ తరవాత పాంపీ మరీనా ద్వారం దగ్గర ఎత్తు ఎక్కి, బండి చక్రాల గాళ్ళు పడిన పెద్ద పెద్ద బండల మీద, నీడలేని చోట నడవాలి. ఏడింటికి బయలుదేరినవాళ్ళు రాత్రి ఏడెనిమిదికి గాని గది చేరరు. మరుసటి రోజు పొద్దున ఎవరూ లేవలేరు, కాబట్టి పాంపీకి పోయేది ఒక రోజు కాదు, ఒకటిన్నర రోజు.

ఇక రోమ్ సంగతి. బోర్గేజే అనే చిత్ర, శిల్పాల గ్యాలరీకి ముందుగా సమయం తీసుకోవాలి, లోపల ఉండనిచ్చేది రెండు గంటలే, సోమవారం సెలవు. వాటికన్ మ్యూజియంలకు ఆదివారం సెలవు. ఈ రెండూ కుదిరేలా రోజులు అమర్చుకోవడమే కష్టం. కొలోసియం దగ్గర్లో సాన్ క్లెమెంటే చర్చి ఉంది. పైన ఉన్నది 12వ శతాబ్దపు చర్చి, దాని కింద 4వ శతాబ్దపు చర్చి, ఇంకా కిందికి దిగితే పాత రోమన్లు కొలిచిన మిత్ర దేవుడి గుడి. అక్కడ చీకట్లో గోడల వెనక నీళ్ళు పారే చప్పుడు వినిపిస్తుంది. ఇలాంటి చోట గంటసేపు తీరిగ్గా ఉండే వీలు నాలుగు డే ట్రిప్పుల పట్టికలో ఎక్కడుంది? పాంపీ బదులు ఓస్టియా అంటికా అనే పాత రేవు పట్టణం శిథిలాలకు వెళ్ళండి. లోకల్ రైల్లో అరగంట.

నిత్యయాత్రికుడు:
నెలాఖరు అన్నారు కనుక ఒక మాట. నెలలో చివరి ఆదివారం వాటికన్ మ్యూజియంలు ఉచితంగా తెరుస్తారు, వరుసలు విపరీతంగా ఉంటాయి. ఆ రోజు పెట్టుకోవద్దు.

రైలుబండి:
గంటా పది నిమిషాలన్నది నిజమా, కాదా? దానికి జవాబు చెప్పకుండా మెట్లు, బండలు అంటున్నారు. రోమ్‌లో మాత్రం పరుపులు పరిచారా? ఫోరమ్, పాలటైన్ గుట్ట లాంటి పాత శిథిలాల చోట్లు అంతా రాళ్ళూ ఎత్తుపల్లాలే. మోకాళ్ళ మాటే అయితే రైల్లో కూర్చోవడమే నయం. ఓస్టియా మంచిదే, కాని అది రేవు మేటవేసి, జనం వదిలిపోగా మిగిలిన ఊరు. పాంపీ 79వ సంవత్సరంలో ఒక్కసారిగా బూడిద కింద పడిపోయిన ఊరు. ఒకదానికి ఇంకొకటి బదులు కాదు.

గౌతమీతీరం:
నేను ఊరికే అనడం లేదు. మా నాన్నగారిని ఒక టూరు సంస్థ రోమ్ నుంచి ఒకే రోజులో పాంపీకీ అమాల్ఫీ తీరానికీ తిప్పింది. పాంపీలో ఇచ్చింది గంటన్నర. ఆయన సగంలో ఆగిపోయి గేటు దగ్గర గట్టు మీద కూర్చున్నారు. ఇంటికొచ్చాక ఇటలీ గురించి ఆయన చెప్పిందంతా బస్సు సీటు గురించే.

రైలుబండి:
ఆ సంస్థ మీద కోపం వీళ్ళ ప్రయాణం మీద చూపించకండి. బస్సు వేరు, రైలు వేరు.

పసుపుకుంకుమ:
పెద్దలిద్దరూ కాస్త నెమ్మదించండి. రైళ్ళ సమ్మె ప్రకటించారేమో బయలుదేరే ముందు చూసుకోమని కూడా చెప్పండి.

గౌతమీతీరం:
కోపం కాదండీ, బాధ. మీరు మ్యూనిక్‌లో రాత్రి రైలెక్కితే పొద్దున రోమ్‌లో దిగుతారు. ఏదైనా మిగిలిపోతే ఇంకో వారాంతం ఉంది. మాకు వీసా అపాయింట్‌మెంటు, బ్యాంకు కాగితాలు, సెలవు, మూడు టికెట్ల ఖర్చు. ఈ అత్తయ్యగారు ఈ జన్మలో మళ్ళీ రోమ్ వెళ్ళరు. అందుకే ఆ ఒక్క నగరాన్నయినా తనివితీరా చూడనివ్వమంటున్నాను.

రైలుబండి:
మళ్ళీ వెళ్ళరనే కదా నేనూ అంటున్నది! మా అమ్మగారిని ఫ్లోరెన్స్‌కు తీసుకెళ్దామని, తొందరేముందిలే అని వాయిదా వేస్తూ వచ్చాను. ఇప్పుడామె ప్రయాణం చేసే స్థితిలో లేరు. వీలున్నప్పుడే చూపించాలి. ఒకే నగరంలో వారమంతా ఉంచి, తక్కిన దేశమంతా చూడలేదన్న వెలితి ఈ అత్తయ్యగారికి మిగల్చడం నాకు న్యాయంగా తోచదు.

గౌతమీతీరం:
మీ అమ్మగారి సంగతి తెలియక మాట్లాడాను. అయినా నా మాట మారదు. ఎన్ని ఊళ్ళ పేర్లు చెప్పగలరన్నది చూపించడం కాదు.

ఓరుగల్లు కోడలు:
మీ ఇద్దరి వాదనా ఇంట్లో చదివి వినిపించాను. అత్తయ్యగారు, పాంపీ మీరిద్దరూ వెళ్ళిరండి, నేను గదిలో ఉంటాను అన్నారు. మా వారికి ఆవిడను భాష తెలియని ఊళ్ళో ఒంటరిగా వదలడం ఇష్టం లేదు, పాంపీ మానుకోవడమూ ఇష్టం లేదు. మా ఇంట్లో అసలు తగువు అదే. నేను ఎక్కువ తక్కువల గురించి అడిగాను గాని. చివరికి పాంపీకి ఆయన ఒక్కరే వెళ్తారు, ఆ రోజు మేమిద్దరం బోర్గేజే చూస్తాం. ఓర్వియెటో ముగ్గురం వెళ్తాం. స్టేషను నుంచి ఊళ్ళోకి కేబుల్ రైలు ఉందట, ఎక్కే బాధ తప్పుతుంది. టివోలి, ఫ్లోరెన్స్ వదిలేస్తున్నాం.

రైలుబండి:
టివోలి సరే. ఫ్లోరెన్స్ వదలడం మాత్రం నాకు ఒప్పుదల కాదు. అక్కడి కథెడ్రల్ గోపురం 463 మెట్లు ఎక్కనక్కరలేదు, ఉఫీజీ చిత్రశాలలో లిఫ్టు ఉంది. ఇంకోసారి ఆలోచించండి.

గౌతమీతీరం:
ఓర్వియెటోలో పాట్రిక్ బావి అనే లోతైన పాత బావి జోలికి వెళ్ళకండి, దిగడానికి 248 మెట్లు, ఎక్కడానికి మళ్ళీ అన్నే. కథెడ్రల్ చాలు. మీ వారు పాంపీ వెళ్ళేది సోమవారం కాకుండా చూసుకుని, బోర్గేజే టికెట్లు ఈ వారమే తీసుకోండి.