న్యూ మెక్సికోలో స్పెయిన్ మిగిల్చింది కాలువలా, గాయాలా?

కాలువగట్టు: అమెరికా రాష్ట్రం న్యూ మెక్సికోలో, రాజధాని శాంటా ఫే చుట్టుపక్కల పల్లెల్లో, స్పెయిన్ పాలన నాటి అసెకియా అనే ఊరుమ్మడి కాలువలు నేటికీ పారుతున్నాయి. ఏటా వసంతంలో రైతులంతా పారలు పట్టుకుని పూడిక తీస్తారు. నీటి వంతులు చూసే పెద్దను మాయోర్‌డోమో అంటారు, ఆయన మాటే మాట. స్పెయిన్ జెండా 1821లో దిగిపోయినా ఈ కట్టుబాటు పోలేదు. వలస పాలన అనగానే శాపనార్థాలేనా, ఇలాంటివి లెక్కలోకి రావా?

పాత_పటం: స్పెయిన్ వాళ్లు రాకముందే అక్కడి ఆదివాసులైన ప్యూబ్లో ప్రజలు నీళ్లు మళ్లించి మొక్కజొన్న పండించారు. వచ్చినవాళ్లు ఏం చేశారో కూడా రాయండి. 1599లో ఆకోమా అనే ప్యూబ్లో ఊరి మీద దాడి తర్వాత స్పెయిన్ గవర్నర్ ఒన్యాతే, అక్కడి 25 ఏళ్లు దాటిన మగవాళ్లకు ఒక పాదం నరకాలని, 20 ఏళ్లు వెట్టి చేయించాలని శిక్ష వేశాడు. 1680లో పోపే నాయకత్వంలో ప్యూబ్లోలు తిరగబడి వాళ్లను ఎల్ పాసో దాకా తరిమింది ఊరికే కాదు.

కాలువగట్టు: నరికింది పాదం కాదు, కాలి వేళ్లేనని వాదించే చరిత్రకారులూ ఉన్నారు.

పాత_పటం: వేళ్లయితే పుణ్యకార్యమా? 1990ల చివర్లో ఒన్యాతే కంచు విగ్రహానికి కుడి పాదం కోసుకుపోయినవాళ్లు మీలా కొలతలు వేయలేదు.

కాలువగట్టు: జరిగింది జరిగినట్టు చెప్పాలంటే కొలతలూ కావాలి.

బాటసారి: పాదాల పంచాయితీ ఆపండి బాబూ. ఇంతకీ స్పెయిన్ ఎందుకు పోయింది?

సంతబేరం: కొమాంచీ ఆదివాసులతో 1786లో స్పెయిన్ గవర్నర్ అన్సా కుదుర్చుకున్న శాంతి కానుకలూ వ్యాపారం మీదే నిలిచింది. 1810లో మెక్సికోలో స్పెయిన్ మీద తిరుగుబాటు లేచాక సరిహద్దుకు రావలసిన డబ్బూ సరుకూ సన్నగిల్లాయి. పోనీ అమెరికా వాళ్లను రానిచ్చారా అంటే, లేదు. 1807లో అమెరికా సైనికాధికారి జీబులన్ పైక్ బృందాన్ని పట్టుకుని శాంటా ఫేకు తీసుకుపోయారు. 1821 నవంబరులో అదే ఊరికి సరుకుతో వచ్చిన అమెరికా వర్తకుడు బెక్నెల్‌ను మాత్రం ఆదరించారు, అప్పటికి అధికారం మెక్సికోది. ఖజానా వట్టిపోయాక రాజు దూరంలో ఉంటే ఎంత, దగ్గరుంటే ఎంత?

కాలువగట్టు: సరే, మెక్సికో తర్వాత అమెరికా పాలన వచ్చాక ఏమైందో చూడండి. స్పెయిన్ ఇచ్చిన పట్టాల్లో ఇళ్లూ పొలాలూ ఎవరివి వాళ్లవి, మేతబీళ్లూ అడవీ ఊరందరివి. అలాంటి పట్టా ఉన్న శాన్ మిగెల్ దెల్ వాదో ఊరి జనం సుమారు 3,15,000 ఎకరాలు తమవన్నారు. ఉమ్మడి భూమి ఊరిది కాదు, ప్రభుత్వానిదని 1897లో అమెరికా సుప్రీంకోర్టు తేల్చింది. చివరికి దక్కింది సుమారు 5,000. నాకు ఇది పుస్తకాల గొడవ కాదు. ఇక్కడ రిజర్వాయరు కింద మా ఊరు మునిగినప్పుడు పట్టా పొలాలకే పరిహారం ఇచ్చారు. మేతబీడుకు పైసా రాలేదు. మా తాతగారు ఆఫీసుల చుట్టూ తిరిగి తిరిగి పోయారు. కాగితం లేకపోయినా ఊరి హక్కు హక్కే.

పాత_పటం: ఇప్పుడు అసలు మాట వచ్చింది. ఏ ఊరి హక్కండీ? ఆ పట్టాలు ఇచ్చిన నేల అంతకుముందు ఎవరిది? మా ఊళ్లోనూ ఉమ్మడి బీడు ఉండేది. మా పేట గొడ్లు అందులో అడుగుపెడితే బందెలదొడ్డికి తోలేవాళ్లు. మా అమ్మమ్మ రెండు గేదెలను విడిపించుకోవడానికి చెవికమ్మలు తాకట్టు పెట్టింది. ఉమ్మడి అనగానే మీకు మీ తాతగారు గుర్తొస్తారు, నాకు ఆ దొడ్డి గుర్తొస్తుంది.

కాలువగట్టు: మా ఊరు అలాంటిది కాదు.

పాత_పటం: మీ పేట వాళ్లను కాదు, అవతలి పేట వాళ్లను అడిగి చెప్పండి.

కాలువగట్టు: అయితే 1897 తీర్పు న్యాయమేనంటారా?

పాత_పటం: అనను. లాక్కున్న నేలను ప్యూబ్లోలకు ఇచ్చి ఉంటే ఆలోచించేవాణ్ని. అలా పోయిన బీళ్లలో చాలా భాగం జాతీయ అడవుల్లో కలిసింది. టావోస్ అనే ప్యూబ్లో ఊరికి దాని పవిత్ర సరస్సు బ్లూ లేక్, దాంతోపాటు 48,000 ఎకరాలు 1970లో గానీ తిరిగి రాలేదు. అది కూడా స్పెయిన్ ఇచ్చిన పట్టా చూసి కాదు, దశాబ్దాల పాటు పట్టు విడవకుండా కొట్లాడితే.

కాలువగట్టు: కొట్లాడిన ఊరికి వచ్చిందిగా. మా తాతగారు అడిగిందీ అదే.

పాత_పటం: మీ బీడు తిరిగి వస్తే అవతలి పేటకు వాటా ఉంటుందా, ఉండదా? అది చెప్పండి ముందు.