తొమ్మిదేళ్ల పాపను డాలస్ నుంచి హైదరాబాద్‌కి ఒంటరిగా పంపొచ్చా?

ప్రశ్న:
నమస్తే అండీ. మేం డాలస్‌కి కొత్తగా వచ్చాం. పాపకి తొమ్మిదేళ్లు. వేసవి సెలవుల్లో అమ్మమ్మ తాతయ్యల దగ్గరికి హైదరాబాద్ పంపాలని ఉంది. మా ఇద్దరికీ ఎక్కువ లీవు దొరకదు. అందరివీ ఇండియన్ పాస్‌పోర్టులే, పాప హెచ్4 (హెచ్1బీ వాళ్ల కుటుంబానికిచ్చే వీసా) మీద ఉంది. ఒంటరి పిల్లల్ని ఎయిర్‌లైన్ వాళ్లే చూసుకుంటారట కదా, పంపొచ్చా?

ఫ్రిస్కో నుంచి:
ముందు విమానం దారి చూసుకోండి, వయసు సంగతి తర్వాత. డాలస్ నుంచి హైదరాబాద్‌కి నేరుగా విమానం లేదు, ఎక్కడో ఒకచోట దిగి మారాల్సిందే. మీరు విన్న సర్వీసు పేరు అన్‌అకంపనీడ్ మైనర్. అమెరికాలో దీనికి ప్రభుత్వ నిబంధన లేదు, ఎవరి రూలు వాళ్లది. ఐదేళ్లలోపు వాళ్లను ఎవరూ ఒంటరిగా ఎక్కించుకోరు. యునైటెడ్, డెల్టా, అమెరికన్ మూడింట్లోనూ 5 నుంచి 14 ఏళ్ల దాకా ఈ సర్వీసు తప్పనిసరి. టికెట్ కాక ఒక్కో వైపుకి 150 డాలర్లు. మధ్యలో విమానం మారే ప్రయాణానికి యునైటెడ్ అసలు ఒప్పుకోదు. ఈ మూడూ పిల్లల్ని ఇంకో ఎయిర్‌లైన్‌కి అప్పగించవు. అందుకే అమెరికన్ సైటులో దోహా మీదుగా కనిపించే టికెట్ మీకు పనికిరాదు: నంబరు అమెరికన్‌ది, విమానం ఖతార్‌ది. బ్రిటిష్ ఎయిర్‌వేస్‌కి లండన్ నుంచి హైదరాబాద్‌కి నేరుగా విమానం ఉంది గానీ 14 నిండని పిల్లల్ని వాళ్లు ఒంటరిగా తీసుకోరు.

ఇక మిగిలేది మొదటి నుంచి చివరి దాకా ఒకే ఎయిర్‌లైన్‌లో వెళ్లడం. ఎమిరేట్స్ డాలస్–దుబాయ్, దుబాయ్–హైదరాబాద్ రెండూ నడుపుతుంది. 5 నుంచి 11 ఏళ్ల వాళ్లకు అక్కడా ఈ సర్వీసు తప్పనిసరే, దుబాయ్‌లో ఇలాంటి పిల్లల కోసం ప్రత్యేకంగా లౌంజ్ ఉంది. బుకింగ్ ఫోన్ చేసి చేయించుకోండి, ఏజెంట్ సైట్ల జోలికి పోకండి. కన్ఫర్మ్ అయిందనగానే ఫోన్ పెట్టేయొద్దు. రెండు విమానాలకూ ఈ సర్వీసు విడివిడిగా నమోదైందో లేదో చదివి వినిపించమనండి. ఒకదానికి ఉండి రెండోదానికి లేకపోతే చెక్-ఇన్ దగ్గరే ఆపేస్తారు.

ఇర్వింగ్ నుంచి:
హెచ్4 అన్నారు కాబట్టి కాగితాలే అసలు సంగతి. తిరిగొచ్చే తేదీకి పాప వీసా స్టాంపు చెల్లకపోతే ఒంటరిగా పంపనే పంపకండి. 2025 సెప్టెంబరు 2 నుంచి 14 ఏళ్లలోపు పిల్లలు కూడా మామూలుగా వీసా ఇంటర్వ్యూకి వెళ్లాల్సిందే. అపాయింట్‌మెంట్ దొరక్కపోతే పాప అక్కడ, స్కూలు ఇక్కడ.

చాలామందికి తట్టనిది ఐ-94, అంటే అమెరికాలో ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే రికార్డు. పిల్లల ఇండియన్ పాస్‌పోర్టు ఐదేళ్లకే ఇస్తారు. తిరిగొచ్చేసరికి దాని గడువు దగ్గరపడితే, మీ ఐ-797 (వీసా స్టేటస్ అప్రూవల్ నోటీసు)లో ఇంకా టైమున్నా సరే, ఐ-94ను పాస్‌పోర్టు ముగిసే తేదీకే కుదించి ఇస్తారు. పక్కన పెద్దవాళ్లు లేకపోతే అది ఎవరి కంటా పడదు, ఆ తేదీ దాటితే పాప స్టేటస్‌కే ముప్పు. అలాంటి పాస్‌పోర్టు ముందే రెన్యూ చేయించండి. వీసా పాతదాంట్లో ఉంటే రెండూ కలిపి పంపండి. పాప దిగిన రోజే సీబీపీ (అమెరికా సరిహద్దు తనిఖీ విభాగం) సైటులో ఐ-94 తేదీ చూసుకోండి.

ఫైలులో మీ ఇద్దరి సంతకాలతో నోటరీ చేయించిన అనుమతి పత్రం ఉండాలి. అందులో పాప పాస్‌పోర్టు నంబరు, విమానాల నంబర్లు, తేదీలు, అక్కడ చూసుకునేవాళ్ల పేర్లు రాయండి. బర్త్ సర్టిఫికెట్, మీ పాస్‌పోర్టులు, వీసాలు, ఐ-797 కాపీలు జత చేయండి. తిరుగు ప్రయాణానికి ఇంకో సెట్ అమ్మమ్మగారి దగ్గర ఉండాలి.

ప్లేనో నుంచి:
మనవాళ్లకు చిక్కు వచ్చేది ఎయిర్‌లైన్ ఫారంలో, పాపను తీసుకెళ్లడానికి వచ్చేవాళ్ల పేరు దగ్గర. ఒక కార్డులో ఇంటిపేరు ఇనీషియల్‌గా, ఇంకో కార్డులో పూర్తిగా ఉంటుంది. తాతయ్యగారు శంషాబాద్‌కి ఏ కార్డు తెస్తారో అడిగి, అందులో ఉన్నట్టే అక్షరం పొల్లుపోకుండా రాయండి. అసలు కార్డే తేవాలి, ఫోన్‌లో ఫొటో కుదరదు. ఆయన బదులు మావయ్య వచ్చినా పాపను ఇవ్వరు. రెండో పేరుకి చోటుంటే తప్పక రాయండి.

వచ్చేటప్పుడు శంషాబాద్ గుమ్మం దగ్గర టికెట్ లేనివాళ్లను సీఐఎస్ఎఫ్ వాళ్లు లోపలికి పంపరు. పాపను ఎక్కడ, ఎవరికి అప్పగించాలో ముందురోజే ఎయిర్‌లైన్‌ని అడిగి పెట్టుకోమనండి. ఇక్కడైనా అక్కడైనా విమానం గాల్లోకి లేచేదాకా పెద్దవాళ్లు కదలకూడదు. రద్దయినా, వెనక్కి వచ్చినా పాపను మళ్లీ వాళ్లకే అప్పగిస్తారు.

విమానంలో సిబ్బంది తినిపించరు, బాత్రూంకి తీసుకెళ్లరు, మందులు వేయరు. ఇవన్నీ పాప తనంతట తాను చేసుకోవాలి. శాకాహారులైతే ఏషియన్ వెజిటేరియన్ మీల్ చెప్పండి. చైల్డ్ మీల్ అంటే చికెన్ రావచ్చు. ఆవకాయ చేతి సంచిలో పెట్టొద్దు. ఎవరి బంగారమూ పాప చేత పంపకండి, కస్టమ్స్ వాళ్లు అడిగితే జవాబు చెప్పడానికి పక్కన మీరుండరు.

ప్రశ్న అడిగినవారు:
చాలా థ్యాంక్సండీ. అదే విమానంలో వెళ్లే తెలుగువాళ్లెవరితోనైనా పంపితే?

ఫ్రిస్కో నుంచి:
18 దాటినవాళ్లతో ఒకే బుకింగ్‌లో ఉంటే పాప ఒంటరి కిందికి రాదు. టికెట్లు వేరైతే ఎయిర్‌లైన్ లెక్కలో ఒంటరిదే, బుకింగులు కలపమని ఫోన్ చేసి అడగాలి. అనుమతి పత్రంలో ఆ మనిషి పేరు, పాస్‌పోర్టు నంబరు ఉండాలి. ఆన్‌లైన్ గ్రూపులో పేరు చూసి పరిచయమైనవాళ్లతో మాత్రం వద్దండీ, మీ ఊరివాళ్లైనా సరే.

నన్నడిగితే ఈ ఏడాది ఒంటరిగా వద్దు. దాదాపు ఇరవై గంటల ప్రయాణం, మధ్యలో మార్పు, తొమ్మిదేళ్ల పిల్ల. 2025 జూన్ 23న ఖతార్ గగనతలం మూసేసినప్పుడు దోహా విమానాలు దారి మళ్లి ఎక్కడెక్కడో దిగాయి. అలాంటి రోజు పాపకు తోడు ఎయిర్‌లైన్ మనిషి ఒక్కరే. మీలో ఒకరు తీసుకెళ్లి దింపి రండి, తేవడానికి రెండోవారు వెళ్లండి. జూలై 4 సెలవునీ వారాంతాలనీ కలుపుకుంటే ఒక్కొక్కరికీ కొద్ది రోజుల లీవుతో సరిపోతుంది. పెరిగే ఖర్చు మీ ఇద్దరికీ చెరో రానుపోను టికెట్. పాపకి అలవాటు కావాలంటే, దగ్గరివాళ్లు ఉంటే డాలస్ నుంచి న్యూఆర్క్‌కి నేరుగా వెళ్లే పగటి విమానంలో ఈ సర్వీసు కింద ఒకసారి పంపి చూడండి.