గ్రూపులో థైరాయిడ్ గురించి అడగాలి. పోస్టు ఎలా రాస్తే పనికొచ్చే జవాబులు వస్తాయి?

కరివేపాకు_రెబ్బ:
అందరికీ నమస్కారం అండీ. ఫేస్‌బుక్‌లో తెలుగు ఆడవాళ్ళ ప్రైవేట్ గ్రూపు ఒకదాంట్లో ఉన్నాను, చాలా పెద్దది. పిల్లల కోసం చూస్తున్నాం. థైరాయిడ్ మాత్ర వాడుతున్నా టీఎస్‌హెచ్ (థైరాయిడ్ రక్తపరీక్షలో చూసే అంకె) అనుకున్నంత దిగడం లేదు, దాని గురించి అడగాలి. అక్కడ ఇలాంటి పోస్టులకి వంద కామెంట్లు వస్తాయి. తీరా చదివితే "నాకూ ఇదే", "ఎఫ్" (అంటే ఫాలో అవుతున్నాం అని), "ఇన్‌బాక్స్ చూడండి", ధనియాల నీళ్ళు. అడిగినామెకి జవాబు మాత్రం కనిపించదు.

నా సందేహాలు మూడు. ప్రశ్న ఎలా రాయాలి? అత్తగారి వైపు బంధువులు కూడా అదే గ్రూపులో ఉన్నారు, పేరు లేకుండా పెడితే నిజంగా తెలియదా? రిపోర్టు ఫొటో పెట్టొచ్చా?

మిద్దెతోట:
మొదటిదానికి చెప్తాను. "థైరాయిడ్ ఉన్నవాళ్ళు ఎవరైనా ఉన్నారా, ప్లీజ్ హెల్ప్" అని అడిగితే "ఉన్నాం" అనడం తప్ప చదివేవాళ్ళు ఏం చెప్పగలరు? తెలిసినవాళ్ళు అంకెలు లేని పోస్టు దగ్గర ఆగరు. ఎందుకంటే వయసెంత, డోసెంత, ఎప్పట్నించి అని ఆరు ప్రశ్నలు వాళ్ళే వేయాలి. అంత ఓపిక లేనివాళ్ళు, ప్రతిదానికీ ఒకటే చిట్కా చెప్పేవాళ్ళు మిగులుతారు.

రాసేముందు గ్రూపులో భూతద్దం గుర్తు నొక్కి వెతకండి. "థైరాయిడ్" అని తెలుగులో ఒకసారి, ఇంగ్లీషు అక్షరాల్లో ఒకసారి. మనవాళ్ళు రెండు రకాలుగానూ రాస్తారు, ఒకదాంట్లో వెతికితే రెండోది దొరకదు. పాత పోస్టుల్లో దొరికింది తీసేయగా ఏది మిగిలిందో అదే మీ అసలు ప్రశ్న.

ఫోన్‌లో పోస్టు మొదటి రెండు మూడు లైన్లే కనిపిస్తాయి, మిగతాది "మరిన్ని చూడండి" కింద దాక్కుంటుంది. అందుకని నమస్కారాలు, "తప్పయితే క్షమించండి", "అడ్మిన్ గారూ దయచేసి అప్రూవ్ చేయండి" అక్కడ పెట్టకండి. ప్రశ్నే మొదటి లైను కావాలి. ఇదిగో, ఇలా:

"పిల్లల కోసం ప్రయత్నిస్తున్నాం, థైరాయిడ్ మాత్ర వాడుతున్నా టీఎస్‌హెచ్ 6 దగ్గరే ఆగింది. మాత్ర వేసుకునే పద్ధతిలో ఏం సరిచూసుకోవాలి? వయసు 30 దాటింది, బరువు 68 కిలోలు. జనవరి మొదట్లో టీఎస్‌హెచ్ 9.1, అప్పట్నించి థైరాక్సిన్ (థైరాయిడ్ మాత్ర) 50 మైక్రోగ్రాములు. మార్చిలో 6.4, ఏప్రిల్ చివర 6.2. మాత్ర ఉదయం 6కి, కాఫీ 6.15కి. టిఫిన్ తర్వాత ఐరన్, రాత్రి జుట్టు కోసం బయోటిన్. డాక్టరు దగ్గరికి మూడు వారాల్లో వెళ్ళాలి. డోసు ఎంత పెంచాలని అడగడం లేదు. ఇదే పరిస్థితి ఉన్నవాళ్ళు ఏం మార్చుకున్నారో, డాక్టరుని ఏం అడిగారో చెప్పండి."

అంకెలు ఉదాహరణకి వేసినవే, మీవి మీరు పెట్టుకోండి. చివరి రెండు వాక్యాలు మాత్రం వదలొద్దు. ఏ రకం జవాబు కావాలో, ఏది వద్దో రాస్తే ఊరికే చిట్కాలు చెప్పేవాళ్ళు చాలావరకు తగ్గుతారు.

ఒక పోస్టుకి ఒకటే ప్రశ్న. థైరాయిడ్, జుట్టు ఊడటం, మంచి డాక్టరు ఎవరు అని మూడూ కలిపితే జుట్టు గురించే కామెంట్లు నిండుతాయి, అది అందరికీ తెలిసిన విషయం కాబట్టి. పెట్టిన మొదటి గంటా రెండు గంటలు మీరు అక్కడే ఉండగలిగే వేళ చూసుకోండి. ఎవరో "మాత్రకీ టిఫిన్‌కీ ఎంత గ్యాప్?" అని అడిగి వెళ్ళిపోతారు. వెంటనే చెప్తే మాట ముందుకి సాగుతుంది, మర్నాడు చెప్తే ఆవిడ తిరిగి రాదు. అమెరికాలో ఉన్నవాళ్ళ జవాబులు కూడా కావాలంటే ఇండియాలో ఉదయం ఏడెనిమిది మంచి సమయం, అక్కడ ముందురోజు రాత్రి అవుతుంది.

పల్లెవెలుగు:
రెండోది నేను చెప్తానండీ. ఫేస్‌బుక్ గ్రూపుల్లో అనామక పోస్టు సౌకర్యం ఉంది, అడ్మిన్ దాన్ని ఆన్ చేసి ఉంచిన గ్రూపుల్లోనే పనిచేస్తుంది. రాసే ముందే ఆ బటన్ నొక్కాలి. సభ్యులకి మీ పేరు కనబడదు. అడ్మిన్లకీ మోడరేటర్లకీ కనబడుతుంది, ఫేస్‌బుక్‌కి ఎలాగూ తెలుసు. కాబట్టి ముందు అడ్మిన్లు, మోడరేటర్ల జాబితా తెరిచి చూడండి. మీ ఆడపడుచు స్నేహితురాలు అందులో ఉంటే ఈ బటన్ వల్ల ఉపయోగం లేదు. తర్వాత కామెంట్లకి జవాబిచ్చేటప్పుడు పెట్టెలో ఏ పేరు, ఏ బొమ్మ కనిపిస్తోందో ప్రతిసారీ చూసి పంపండి. పోస్టు అనామకంగా పెట్టి, "అవును అక్కా, 50 నే వాడుతున్నా" అని సొంత పేరుతో జవాబివ్వడం దగ్గరే చాలామంది దొరికిపోతారు.

వాట్సాప్ గ్రూపుల్లో ఆ మాత్రం దాపరికం కూడా లేదు. మీ నంబరు గ్రూపులో ఉన్న అందరికీ కనబడుతుంది. ఇలాంటి ప్రశ్న అక్కడ వద్దు.

అసలు పేరు కంటే ఎక్కువగా పట్టించేది మీరు రాసే వివరాలే. ఒక్కోటి విడిగా ఏం చేయదు. "తణుకు", "పెళ్ళై నాలుగేళ్ళు", "బ్యాంకు ఉద్యోగం", "ఆడపడుచు డల్లాస్‌లో" అనే నాలుగూ ఒకచోట చేరితే మీ బంధువులకి పేరు అక్కర్లేదు. ఏది ఉంచాలి, ఏది తీసేయాలి అన్నదానికి ఒకటే కొలత: ఆ వివరం సమస్యని చెప్తోందా, మనిషిని చెప్తోందా? టీఎస్‌హెచ్, డోసు, మాత్ర వేళ, వేరే మందులు సమస్యని చెప్తాయి, వాటిని ఉన్నదున్నట్టు రాయాలి. ఊరు, ఉద్యోగం, పెళ్ళి తేదీ, ఆసుపత్రి పేరు మనిషిని చెప్తాయి, తీసేయండి. వయసు రెండింటికీ చెందుతుంది కాబట్టి "30 దాటింది" చాలు. గుర్తు పడతారన్న భయంతో వైద్యం అంకెలు మార్చకండి, తప్పు అంకెకి తప్పు సలహా వస్తుంది.

రాసే తీరు కూడా పట్టిస్తుంది. మీకు అలవాటైన ఊతపదం, ఎప్పుడూ పెట్టే మూడు పువ్వుల బొమ్మలు తీసేయండి. ఇదే పోస్టుని ఇంకో గ్రూపులో సొంత పేరుతో అతికించకండి. ప్రైవేట్ గ్రూపు అంటే బయటివాళ్ళకి కనబడదని మాత్రమే. లోపల ఉన్నవాళ్ళు స్క్రీన్‌షాట్ తీయకుండా ఏ సెట్టింగూ ఆపదు. ఏ వాక్యం ఇంట్లోవాళ్ళ కంటపడితే తట్టుకోలేరో ఆ వాక్యం రాయకండి.

మీ ప్రశ్నకి సంబంధం లేదు గానీ, ఇది చదివేవాళ్ళలో ఇంట్లో దెబ్బలు, బెదిరింపులు ఉన్నవాళ్ళు ఉంటే గ్రూపులో పెట్టకముందే మహిళా హెల్ప్‌లైన్ 181 కి ఫోన్ చేయండి, ప్రాణం మీదికొస్తే 112. ఉచిత న్యాయ సహాయానికి 15100. 1987 నాటి న్యాయ సేవల అధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ ప్రకారం ఆడవాళ్ళకి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా వకీలుని ఇస్తారు. గ్రూపులో పెట్టిన ఫిర్యాదు అవతలివాళ్ళకి చేరితే ప్రమాదం పెరుగుతుంది.

గునుగుపువ్వు:
రిపోర్ట్ ఫొటో అస్సలు పెట్టకు అక్కా, అంకెలు టైపు చెయ్యి. ఫొటోల ఉన్న అంకెలు వెతికితె దొరకయి, నీ తర్వాత ఇదే బాధ ఉన్న ఆడోళ్ళకు నీ పోస్టు కనవడది. పెట్టక తప్పదంటె మాత్రం జర జాగ్రత్త.

పేరు ఒక్కటి చెరిపితె సరిపోదు. పేషెంట్ ఐడీ, ఫోన్ నంబరు, బార్‌కోడు, క్యూఆర్ కోడు, రాసిన డాక్టరు పేరు, ల్యాబ్ బ్రాంచి, శాంపిల్ తీసిన టైము, ఇవన్నీ ఉంటయ్. కొన్ని ల్యాబుల క్యూఆర్ కోడు స్కాన్ చేస్తె పూర్తి రిపోర్టే తెరుచుకుంటది. అందుకే రిజల్టు, యూనిట్లు, నార్మల్ రేంజి ఉన్న వరస వరకే క్రాప్ చెయ్యి.

ఫోన్ల హైలైటర్ పెన్నుతోని నల్లగ గీకేటోళ్ళు శానామంది ఉన్నరు. ఆ రంగు పూర్తిగ కప్పది, కింద అక్షరం పల్చగ ఉంటనే ఉంటది. ఎవలన్న ఆ ఫొటో దించుకొని బ్రైట్‌నెస్, ఎక్స్‌పోజర్ పెంచితె పేరు మళ్ళ బయటికొస్తది. గట్టి రంగుతోని నిండుగ ఉన్న డబ్బా పెట్టాలె. పీడీఎఫ్ మీద డబ్బా పెడితె ఇంకా మోసం, కింద అక్షరాలు అట్లనే ఉంటయ్, కాపీ చేసి పేస్టు చేస్తె వస్తయ్. అంత అయినంక స్క్రీన్‌షాట్ తీసి ఆ స్క్రీన్‌షాటే పెట్టు, అసలు ఫైలు పెట్టకు.

ఇంట్ల ఫోను అందరు పట్టుకుంటరు కదా, లాక్ స్క్రీన్ మీద నోటిఫికేషన్ల ముచ్చట కనవడకుండ సెట్టింగుల బందు చెయ్యి. ఫేస్‌బుక్ ఇంకే ఫోన్ల, కంప్యూటర్ల లాగిన్ అయి ఉందో కూడ చూడు. పాత ట్యాబ్‌ల ఉండిపోయిన లాగిన్ ఒక్కటి చాలు.

సిస్టర్_నైట్‌డ్యూటీ:
మిద్దెతోట గారు రాసిన నమూనా చాలా బాగుంది. అందులోంచే రెండు విషయాలు ఎత్తి చూపిస్తాను, అన్ని మందులూ ఎందుకు రాయాలో తెలుస్తుంది.

మాత్ర 6కి, కాఫీ 6.15కి అని ఉంది చూడండి. థైరాక్సిన్ ఖాళీ కడుపున మంచినీళ్ళతో వేసుకుని, టిఫిన్‌కీ కాఫీకీ కనీసం అరగంట, వీలైతే గంట ఆగాలి. కాఫీ వెంటనే తాగితే మందు సరిగా ఒంటికి పట్టదు. ఐరన్, కాల్షియం మాత్రలకి 4 గంటల ఎడం ఉండాలి. కాఫీ వేళ రాయకపోతే ఈ తప్పు ఎవరికీ కనబడదు, అందరూ "డోసు పెంచుకో" అంటారు. ఇక బయోటిన్. అది ఎక్కువ మోతాదులో ఉంటే కొన్ని ల్యాబు పద్ధతుల్లో టీఎస్‌హెచ్ ఉన్నదానికంటే తక్కువ చూపించవచ్చు. అందుకని పరీక్షకి కనీసం రెండు రోజుల ముందు ఆపమంటారు. జుట్టు మాత్ర మందు కాదని చాలామంది రాయరు. రాయండి.

తేదీలు కూడా ముఖ్యం. డోసు మార్చాక టీఎస్‌హెచ్ కుదురుకోవడానికి 6 నుంచి 8 వారాలు పడుతుంది. మూడు వారాలకే చేయించిన రిపోర్టు పట్టుకుని "తగ్గలేదు" అంటే అది తొందర. పిల్లల కోసం ప్రయత్నిస్తున్నారన్న మాట తప్పకుండా ఉంచండి. మాత్ర వాడుతూ గర్భం కోసం చూస్తున్నవాళ్ళకి టీఎస్‌హెచ్ సాధారణంగా 2.5 లోపు ఉండేలా డాక్టర్లు చూస్తారు. ఆ ఒక్క మాట లేకపోతే 4 వచ్చినా "నార్మలే కదా" అనేస్తారు.

అంకె పక్కన యూనిటు రాయాలి. విదేశాల్లో ఉన్నవాళ్ళు చదువుతారు కాబట్టి ఇంకా అవసరం. షుగర్ మన దగ్గరా అమెరికాలోనూ మిల్లీగ్రాముల్లో రాస్తే, బ్రిటన్, ఆస్ట్రేలియాల్లో మిల్లీమోల్స్‌లో రాస్తారు. మన 126 వాళ్ళకి 7. విటమిన్ డి అయితే మన 20 అక్కడ 50. యూనిటు లేకుండా "నాది 50" అంటే లోటు ఉందో లేదో ఎవరూ చెప్పలేరు.

గర్భంతో ఉండి రక్తస్రావం, తట్టుకోలేని కడుపునొప్పి, స్పృహ తప్పడం లాంటివి గ్రూపులో అడిగే విషయాలు కావు. 108 కి ఫోన్ చేయాలి. జవాబుల కోసం ఎదురుచూసే అరగంటే నష్టం చేస్తుంది.

కరివేపాకు_రెబ్బ:
చాలా చాలా థాంక్స్ అండీ అందరికీ. ఇలా మొదలుపెట్టాను, చూస్తారా?
"మా వారు ఓడలో పనిచేస్తారు, ఆరు నెలలకోసారి వస్తారు. పిల్లల కోసం ప్రయత్నిస్తున్నాం, థైరాయిడ్ మాత్ర వాడుతున్నా టీఎస్‌హెచ్ 5.8 దగ్గర ఆగింది..."

పల్లెవెలుగు:
ఓడ ఉద్యోగం తీసేయండి, ఆ ఒక్క మాట చాలు మీవాళ్ళకి. మీ ప్రశ్న మాత్ర గురించి కాబట్టి ఆయన ప్రస్తావన అసలు అక్కర్లేదు. ఎప్పుడైనా గర్భం ఆలస్యం కావడం గురించే అడిగితే అప్పుడు "నెలలో కలిసి ఉండే రోజులు తక్కువ" అని రాస్తే సరిపోతుంది.

మిద్దెతోట:
మొదటి వాక్యం తీసేస్తే బాగుంది, ప్రశ్న దానంతటదే పైకి వచ్చేస్తుంది. పెట్టాక అప్రూవల్ ఆలస్యమైతే మళ్ళీ మళ్ళీ పెట్టకండి, ఒక రోజు ఆగి అడ్మిన్‌కి ఒక్క మెసేజ్ చేయండి. పోస్టులో ఫోన్ నంబరు, లింకు ఉంటే చాలా గ్రూపుల్లో ఆగిపోతుంది.

జవాబులు వచ్చేటప్పుడు "ఇన్‌బాక్స్ చేశాను" అన్నవాళ్ళకి "ఇక్కడే చెప్పండి, అందరికీ పనికొస్తుంది" అని రాయండి. మంచి సలహా అయితే పదిమంది ముందు చెప్పడానికి వెనకాడరు. ఇన్‌బాక్స్‌లోనే చెప్తామనేవాళ్ళలో పొడులు, న్యూట్రిషన్ డబ్బాలు అమ్మేవాళ్ళు ఎక్కువ. డబ్బు వెనక్కిస్తాం, క్యూఆర్ స్కాన్ చేసి పిన్ కొట్టండి అంటే అది మోసమే. యూపీఐలో డబ్బు అందుకోవడానికి పిన్ అక్కర్లేదు. డబ్బు పోయాక అయితే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930 కి ఫోన్ చేయాలి.

డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చాక, మళ్ళీ పరీక్ష చేయించాక, అదే పోస్టు కింద కామెంట్‌గా మూడు సంగతులు రాయండి: ఏం మార్చారు, ఎన్ని వారాలు, కొత్త అంకె ఎంత. కొత్త పోస్టు పెడితే పాతదానికీ దీనికీ లంకె తెగిపోతుంది. ఆ కామెంట్ పెట్టేటప్పుడు కూడా పేరు ఏది కనిపిస్తోందో చూసుకోండి.