మార్కెట్ చెత్తతో కంపోస్టు: టన్నుకో కార్బన్ క్రెడిట్ నిజమేనా?

ప్రశ్న (గుంటూరు కంపోస్టు):
గుంటూరు పక్కన మేం నలుగురం కలిసి కూరగాయల మార్కెట్ చెత్తను కంపోస్టు చేస్తున్నాం. రోజుకు సుమారు 5 టన్నులు వస్తుంది. ఒక కన్సల్టెంట్ వచ్చి, డంపింగ్ యార్డుకు పోకుండా ఆపిన ప్రతి టన్నుకూ ఒక కార్బన్ క్రెడిట్ (ఒక టన్ను కార్బన్ డయాక్సైడ్‌కు సమానమైన కాలుష్యం ఆపినందుకు ఇచ్చే, అమ్ముకోగల పత్రం) వస్తుందంటున్నాడు, అడ్వాన్సు అడుగుతున్నాడు. రూల్స్ తెలిసినవాళ్లు చెప్పండి, సంతకం పెట్టొచ్చా?

జవాబు (బెజవాడ ఆడిటర్):
ఇప్పుడే పెట్టకండి. ఆయన చెప్పింది మొత్తం అబద్ధం కాదు, కానీ బాగా కలిసొచ్చే లెక్క ఒక్కటే చెప్పాడు.

ఐపీసీసీ (ఐక్యరాజ్యసమితి వాతావరణ నిపుణుల సంఘం) లెక్కలో ఆహార వ్యర్థంలో కుళ్లే కార్బన్ 15 శాతం, అంటే టన్నుకు 150 కిలోలు. అందులో సగమే గ్యాస్‌గా మారుతుంది, ఆ గ్యాస్‌లో సగం మీథేన్. యార్డులో చెత్త గుట్ట ఎత్తు అయిదు మీటర్లు దాటితే దాన్ని 0.8తో గుణిస్తారు. అలా 30 కిలోల కార్బన్ మీథేన్‌గా మారుతుంది, దానికి హైడ్రోజన్ బరువు కలిస్తే సుమారు 40 కిలోల మీథేన్ తేలుతుంది. మీథేన్ కార్బన్ డయాక్సైడ్ కంటే భూమిని ఎక్కువ వేడెక్కిస్తుంది కాబట్టి 28 రెట్లు వేస్తే 1.12 టన్నుల కార్బన్ డయాక్సైడ్‌కు సమానం. ఆ ‘టన్నుకో క్రెడిట్’ ఇక్కడి నుంచే వచ్చింది. గుట్ట ఎత్తు అయిదు మీటర్ల లోపైతే 0.4 వాడాలి, క్రెడిట్ సగానికి సగం పడిపోతుంది. అదీ ఒక్క ఏడాదిలో రాదు, చెత్త కుళ్లే కొద్దీ ఏళ్ల తరబడి వస్తుంది.

ఎంత వేగంగా కుళ్లుతుందనేది వాన తేలుస్తుంది. మనలాంటి వేడి ప్రాంతంలో ఏడాదికి వెయ్యి మిల్లీమీటర్ల పైన కురిస్తే ఏడాదికి కుళ్లే రేటు 0.40, లోపైతే 0.085. మొదటి సందర్భంలో తొలి ఏడాదే మూడో వంతు లెక్కకొస్తుంది, రెండో దానిలో ఎనిమిది శాతమే. మన జిల్లాల వాన ఆ గీతకు అటూ ఇటూగానే ఉంటుంది కాబట్టి ఏ స్టేషన్ రికార్డు, ఎన్నేళ్ల సగటు వాడాడో అడగండి. కంపోస్టు రాశి నుంచి వచ్చే మీథేన్, నైట్రస్ ఆక్సైడ్‌ను కూడా క్రెడిట్‌లోంచి మినహాయించాడా లేదా చూడండి. చిన్న యూనిట్లను ముంచేది ఇదే.

జవాబు (ఏటుకూరు రోడ్డు):
ఆడిటర్ గారూ, అసలు ప్రశ్న ఇంకోటి ఉందండీ. వీళ్లు తీసుకోకపోతే ఆ చెత్త ఎక్కడికి పోయేది? కొండవీడు దగ్గర చెత్తతో కరెంటు తీసే ప్లాంటు 2022లో మొదలైంది, గుంటూరు, విజయవాడ చెత్త అక్కడికీ వెళ్తుంది. మీ మార్కెట్ చెత్త అటు పోయేదైతే గుట్టలో కుళ్లదు. కుళ్లనిదానికి మీథేన్ ఆపామని క్రెడిట్ అడగలేం కదా!

జవాబు (బెజవాడ ఆడిటర్):
నిజమేనండీ, ముందు తేల్చుకోవాల్సింది అదే. చట్టం సంగతీ ఉంది. ఘన వ్యర్థాల నియమాలు రోజుకు సగటున వంద కిలోలు దాటి చెత్త వచ్చే మార్కెట్ల లాంటి పెద్ద ఉత్పత్తిదారులకు బాధ్యతలు పెట్టాయి. చట్టం ఎలాగూ చేయమన్న పనికి అదనపు క్రెడిట్ ఎందుకని పరిశీలకుడు అడుగుతాడు. మనలాంటి దేశాల్లో ఆ నియమం నిజంగా అమలు కావడం లేదని చూపిస్తే కొన్ని పద్ధతులు (క్రెడిట్ ఎలా లెక్కకట్టాలో చెప్పే నియమావళులు) ఒప్పుకుంటాయి. కానీ చూపించాల్సింది మీరే.

గుంటూరు కంపోస్టు:
మన దేశంలో వస్తున్న కొత్త కార్బన్ మార్కెట్‌లో పెడదామంటున్నాడు. కాటా స్లిప్పులు మా దగ్గర ఉన్నాయి.

జవాబు (బెజవాడ ఆడిటర్):
అక్కడ 2025లో ఆమోదించిన మొదటి పద్ధతుల్లో, చెత్త గుట్ట నుంచి గ్యాస్ పట్టి కాల్చడం, వాడుకోవడం ఉంది. అది గుట్ట ఉన్నవాళ్లకు. కంపోస్టుకు ఏ పద్ధతి వాడుతున్నాడో పేరు రాసివ్వమనండి. ఐక్యరాజ్యసమితి పాత క్రెడిట్ పథకం సీడీఎంలో ఏ.ఎం.ఎస్.-3.ఎఫ్ అనే పద్ధతి కంపోస్టుకు ఉంది, దాన్నే చెప్తాడేమో.

స్లిప్పుల మీద బండి నంబరు, తేదీ, తూకం ఉంటే మంచిదే. చెత్తలో ఏం ఉందో శాంపిల్ తీసి వేరు చేసి తూచిన రికార్డు కూడా కావాలి. మార్కెట్ చెత్త ఎటు వెళ్లేదో కార్పొరేషన్ నుంచి ఉత్తరం తెచ్చుకోండి, క్రెడిట్ హక్కు మీదేనని అందులోనే రాయించుకోండి. వాలిడేషన్ (మొదట్లో ప్రాజెక్టును బయటి సంస్థ పరిశీలించడం), ఆపై ప్రతిసారీ వెరిఫికేషన్ (ఆపిన కాలుష్యం లెక్కను సరిచూడడం) ఖర్చు లక్షల్లో ఉంటుంది. ఏడాదికి 1,800 టన్నుల చెత్తతో ఆ ఖర్చు ఒంటరిగా మోయడం కష్టం. ఇంకొన్ని యూనిట్లతో కలిసి వెళ్తేనే చూడండి.

అడ్వాన్సు మాత్రం వద్దు. క్రెడిట్ అమ్ముడయ్యాక అందులో వాటా తీసుకోమనండి. ఒప్పుకోకపోతే ఆయన లెక్క మీద ఆయనకే నమ్మకం లేదని అర్థం.