నీతి ఊరికో రకమా, అందరికీ ఒకటేనా?

భీమవరం బుల్లోడు:
మా ఆఫీసులో హర్యానా అతను ఒకడున్నాడు. మా అక్కని మేనమామకే ఇచ్చామని చెబితే మొహం అదోలా పెట్టాడు. వాళ్లకి సొంత ఊరి పిల్లని చేసుకోవడమే తప్పట. మనకేమో మేనరికం కాదంటే అలకలు. 1955 హిందూ వివాహ చట్టం కూడా కొన్ని వరసలు నిషేధించి, ఆచారం ఉంటే పర్వాలేదంది. అంటే ఎవరి నీతి వాళ్లదేనా?

లంక రైతు:
అంతే కదండీ. గ్రీకు చరిత్రకారుడు హెరోడోటస్ ఎప్పుడో రాశాడు. చనిపోయిన తండ్రిని ఎంతిస్తే తింటారని పర్షియా రాజు డారియస్ గ్రీకులని అడిగాడట. ఎంతిచ్చినా తినమన్నారు. తండ్రి శవాన్ని తినే ఆచారమున్న ఇంకో జాతిని పిలిచి, ఎంతిస్తే కాలుస్తారని అడిగితే, ఆ మాటే అనొద్దని గోల పెట్టారట. సంక్రాంతి కోడిపందేలూ అంతే. బయటివాళ్లకి హింస, మనకి పండగ.

రాజోలు టీచర్:
ఆ కథలో ఇద్దరూ తండ్రికి మర్యాద చేయాలనే చూశారు, పద్ధతే వేరు. మేనరికం కూడా ఇద్దరికీ ఇష్టమైతే నాకు నీతి సమస్యలా అనిపించదు (పిల్లల ఆరోగ్యం సంగతి డాక్టర్ని అడగాలి, అది వేరు). కోడిపందేలే అలా కాదు. కత్తి కట్టిన కోడి సంగతి అటుంచండి, బరిలో డబ్బంతా పోగొట్టుకున్నవాడి భార్యకి కూడా అది పండగేనా?

ఇంకోటి. వితంతు వివాహ చట్టం 1856లోనే వచ్చింది. అయినా వీరేశలింగం గారు రాజమండ్రిలో మొదటి పెళ్లి చేయించేసరికి 1881 డిసెంబర్ 11 అయింది. అడ్డుపడింది ఆచారమే. వెలి కూడా వేశారు. ఊరి ఆచారమే నీతి అయితే, ఆ రోజు తప్పు చేసింది ఆయనే అనాలి. అనగలరా?

లంక రైతు:
అనను. కానీ ఆయన కూడా శాస్త్రాలు చూపించే వాదించారు. డబ్బిచ్చి నిలబడ్డ పైడా రామకృష్ణయ్య గారు కాకినాడ వ్యాపారి. అందరూ ఇక్కడివాళ్లే. మన సంస్కృతిని మనమే మార్చుకున్నాం, ప్రపంచ నీతి ఏదో దిగొచ్చి మార్చలేదు.

అమలాపురం కోడలు:
శాస్త్రం ఎదుటివాళ్లని ఒప్పించడానికి, అంతే. ఎనిమిదేళ్ల పిల్ల జీవితాంతం విధవగా ఉండటం అన్యాయమని తెలియడానికి ఏ శాస్త్రం కావాలి? కట్నం చూడండి. 1961లోనే నిషేధించారు. ఇప్పటికీ మన పద్ధతి అంటూ పుచ్చుకునేవాళ్లే మాట్లాడతారు. ఇచ్చుకునే తండ్రి ఆ మాట అనగా నేను వినలేదు.

లంక రైతు:
ఈ ఏడు కొడుక్కి పుచ్చుకున్నవాడే వచ్చే ఏడు కూతురికి ఇచ్చుకుంటాడమ్మా. ఇందులో నష్టపోయిందెవరు?

అమలాపురం కోడలు:
పెళ్లికూతురండీ. బేరం తన మీదే, అడిగినవాళ్లు మాత్రం లేరు.