తక్కువ ధరలో చిన్న మల్టీట్రాక్ రికార్డర్: ఏది తీసుకోమంటారు?

కొత్త_గొంతు:
నేను పాడతాను, అకూస్టిక్ గిటార్ వాయిస్తాను. ముందు గిటార్, దాని మీద గొంతు, ఆ పైన రెండో గొంతు, ఇలా ఒకదాని మీద ఒకటి రికార్డ్ చేసుకోవాలి. పగలంతా కంప్యూటర్ ముందే పని, పాటకి కూడా దాని ముందే కూర్చోబుద్ధి కావడం లేదు. బడ్జెట్ తక్కువ. టాస్కామ్ డీపీ-008ఈఎక్స్, జూమ్ ఆర్8, జూమ్ ఆర్4 చూశాను. వాడినదైనా పర్లేదు.

బౌన్స్_రాజా:
డీపీ-008ఈఎక్స్ తీసుకోండి, ఇంకేం ఆలోచించకండి. ఎనిమిది ట్రాకులు, ఒకేసారి రికార్డ్ అయ్యేవి రెండు. మీరొక్కరే కదా, రెండు చాలు. మైకులు అందులోనే ఉన్నాయి, నాలుగు ఏఏ బ్యాటరీలతో నడుస్తుంది. ప్రతి ట్రాక్‌కీ దాని లెవెల్ నాబ్ ఉంటుంది, మెనూల్లో వెతుక్కోనక్కర్లేదు. 16 బిట్, 44.1 కిలోహెర్ట్జ్, అంటే సీడీ నాణ్యత. ఒక మోనో ట్రాక్ నిమిషానికి 5 ఎంబీ చిల్లర, కార్డు నిండుతుందన్న భయం వద్దు. ట్రాకులు అయిపోతే బౌన్స్ చేయండి. అంటే నాలుగైదు ట్రాకుల్ని కలిపి రెంటిలోకి దించేసి, ఖాళీ అయినవాటిని మళ్లీ వాడుకోవడం. 1979లో పోర్టాస్టూడియో 144 అనే క్యాసెట్ రికార్డర్ వచ్చినప్పుడు క్యాసెట్ మీద నాలుగే ట్రాకులు. బౌన్స్ చేసిన ప్రతిసారీ టేపు హిస్, అంటే వెనక వినిపించే సర్రుమనే శబ్దం, పెరిగేది. ఇప్పుడు ఆ బాధ కూడా లేదు.

నాలుగు_మైకులు:
ఎనిమిది ట్రాకులని రాసి రెండే రికార్డ్ చేయడం మోసం కాదా? నేను ఒకటి కొన్నాను. మా డ్రమ్మర్ నాలుగు మైకులు మోసుకొచ్చాడు. రెండు పెట్టాం, రెండు తిరిగి మోసుకెళ్లాడు. ఆ తర్వాత మళ్లీ రాలేదు.

చెవిలో_జోరీగ:
మోసం కాదండీ. ట్రాకులు వేరు, ఇన్‌పుట్లు వేరు. ట్రాకులంటే పాటలో దాచుకునే పొరలు, ఇన్‌పుట్లంటే ఒకేసారి లోపలికి తీసుకునే శబ్దాలు. ఒకేసారి ఎనిమిది కావాలంటే జూమ్ ఆర్16 లాంటిది చూసుకోవాలి.

నాలుగు_మైకులు:
అయితే డబ్బా మీద పెద్దక్షరాల్లో 2 అని రాయమనండి.

అన్‌డూ_ప్రియ:
కొత్త_గొంతు గారూ, ఈ డబ్బాలు మనసుపడి కొనేవే గానీ తెలిసి కొనేవి కావు. పాత ల్యాప్‌టాప్, మైకునీ గిటార్‌నీ దానికి కలిపే చిన్న ఆడియో ఇంటర్‌ఫేస్ చాలు. యాపిల్ ఫోన్ ఉంటే గ్యారేజ్‌బ్యాండ్ అనే రికార్డింగ్ యాప్ ఉచితంగానే వస్తుంది, అందులో 32 ట్రాకులు. ఈ డబ్బాలకుండే అంత చిన్న తెర మీద ఒక్క మాట కత్తిరించాలన్నా చుక్కలు కనిపిస్తాయి. పైగా ఆ టాస్కామ్ పాటని కార్డులో తన సొంత భాగంలో దాచుకుంటుంది. బయటికి రావాలంటే ట్రాకుల్ని ఎక్స్‌పోర్ట్ చేసుకోవాలి. డబ్బానే కావాలంటే ఆర్8 నయం. పాటలు మామూలు వేవ్ ఆడియో ఫైళ్లుగానే ఉంటాయి, నాణ్యత 24 బిట్ వరకూ వెళ్తుంది, రేపు మనసు మారితే యూఎస్‌బీ పెట్టి ఇంటర్‌ఫేస్‌గా వాడుకోవచ్చు. అన్నిటికన్నా ముఖ్యం, కంప్యూటర్లో దేన్నీ కలిపేయక్కర్లేదు. రెండేళ్ల తర్వాత కూడా ఒక్క ట్రాక్ లెవెల్ మార్చుకోవచ్చు.

బౌన్స్_రాజా:
ఆయన కంప్యూటర్ వద్దని మొదటి పోస్టులోనే చెప్పారు. చదివారా?

అన్‌డూ_ప్రియ:
చదివాను. ఆయనకేం వద్దో కాదు, ఏం పోగొట్టుకుంటారో చెప్తున్నాను.

కొత్త_గొంతు:
ఆర్4 సంగతి? 32 బిట్ ఫ్లోట్ అయితే లెవెల్ గురించి టెన్షన్ ఉండదంటున్నారు.

చెవిలో_జోరీగ:
ఫైల్లో క్లిప్ కాదు, అంటే శబ్దం ఎక్కువైనా తెగి పాడవదు, తర్వాత తగ్గించుకోవచ్చు. కానీ మైకే తట్టుకోలేక పగిలిన శబ్దం ఇస్తే ఏ ఫ్లోటూ కాపాడదు. అందులో నాలుగు ట్రాకులు, ఒక బౌన్స్ ట్రాక్. ఇంకో మాట, కండెన్సర్ మైకు నడవడానికి రికార్డర్ నుంచే ఇచ్చే 48 వోల్టుల కరెంటు, అదే ఫాంటమ్ పవర్, వేస్తే బ్యాటరీలు త్వరగా అయిపోతాయి. చెవిని పూర్తిగా మూసే హెడ్‌ఫోన్స్ కొనండి. లేకపోతే మీ గొంతు ట్రాక్‌లోకి గిటార్ మళ్లీ దూరుతుంది. రికార్డర్ కన్నా అదే ముందు చూడాలి.

నాలుగు_మైకులు:
నాలుగు ట్రాకులకి ఇన్‌పుట్లు ఎన్నో ముందే అడగండి.

బౌన్స్_రాజా:
ఎప్పుడైనా మార్చుకోవచ్చు అనుకున్నవాళ్ల పాట ఎప్పటికీ పూర్తి కాదు. బౌన్స్ నొక్కితే పాట ముందుకెళ్తుంది. 32 ట్రాకులు పెట్టుకుని పద్దెనిమిది గొంతుల్లో ఏది బావుందో తేల్చుకోలేనివాళ్లని చూశాను.

అన్‌డూ_ప్రియ:
బౌన్స్ పేరు చెప్పి పక్కవాళ్ల వయొలిన్‌ని పాతిపెట్టినవాళ్లని నేనూ చూశాను.

బౌన్స్_రాజా:
ఇక్కడ వయొలిన్ ఊసెవరు ఎత్తారు?

అన్‌డూ_ప్రియ:
నీకు తెలీదా ఎవరి వయొలినో?

చెవిలో_జోరీగ:
'మీరు' పోయి 'నువ్వు' వచ్చింది. మీ ఇద్దరికీ ముందే పరిచయమా?

అన్‌డూ_ప్రియ:
పరిచయమే. ఒకే గదిలో వాయించాం. కొత్త_గొంతు గారూ, బౌన్స్ అంటే ఏమిటో చెప్తాను వినండి. ఓ పాటకి నాలుగు గంటలు వయొలిన్ వాయించాను. మర్నాటికి దాన్ని గిటార్‌తో, కోరస్‌తో కలిపి దించేసి, నా ట్రాక్ చెరిపి దాని మీద తాళం రికార్డ్ చేశారు. ఇప్పుడు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వింటే రెండో చరణం చివర, గొంతు ఆగిన చోట, బో తీగ మీంచి లేచేటప్పుడు ఒక చిన్న గీర వినిపిస్తుంది. అంతే. పాటలో నేనున్నది ఆ గీర మేరకే.

బౌన్స్_రాజా:
ఆ రాత్రి ట్రాకులు నిండిపోయాయి. తెల్లారితే నువ్వు ఊరెళ్తున్నావు. ఆ చిన్న హెడ్‌ఫోన్స్‌లో వయొలిన్ నాకు బాగానే వినిపించింది, తగ్గిందని తర్వాత తెలిసింది. ఒప్పుకుంటాను. మరి మిగతా నాలుగు పాటల మాటేమిటి? 'నేను తీరిగ్గా మిక్స్ చేస్తా' అని నీ ల్యాప్‌టాప్‌లోకి తీసుకెళ్లావు. ఆరేళ్లయింది. ఆఖరిసారి పంపిన ఫైలు పేరు ఫైనల్-17. నేను పాడుచేసిన పాటని కనీసం మనుషులు విన్నారు.

అన్‌డూ_ప్రియ:
అది విన్నప్పుడల్లా నేను లేనట్టే విన్నారు. లెవెల్ తగ్గినందుకు కాదు నా కోపం. ఆ బటన్ నొక్కే ముందు ఒక్క ఫోన్ చేయలేదు. పాట అయిపోయిందని నువ్వొక్కడివే అనేసుకున్నావు.

బౌన్స్_రాజా:
అయిపోలేదని ఆరేళ్లుగా నువ్వొక్కదానివే అనుకుంటున్నావుగా.

చెవిలో_జోరీగ:
మధ్యలో దూరుతున్నాను, ఏమనుకోకండి. బౌన్స్‌కి ముందు పాటని బ్యాకప్ తీసే సదుపాయం ఆ టాస్కామ్‌లోనే ఉంది.

బౌన్స్_రాజా:
తెలుసు. ఇప్పుడు తెలుసు.

(నాలుగు రోజుల తర్వాత)

కొత్త_గొంతు:
వాడిన ఆర్8 దొరికింది, తీసుకున్నాను. కంప్యూటర్ ఎప్పుడైనా కావాల్సొస్తే ఇంటర్‌ఫేస్‌గా పనికొస్తుందని. ఫార్మాట్ చేద్దామని కార్డు తెరిస్తే పాత యజమాని ప్రాజెక్టులు పదకొండు ఉన్నాయి. ఒకదాంట్లో గిటార్ మొదలవుతుంది, ఎవరో దగ్గుతారు, 'మళ్లీ' అంటారు, అక్కడితో ఆగిపోతుంది. చెరిపేయనా?

అన్‌డూ_ప్రియ:
ముందు కాపీ తీసి పెట్టండి.

బౌన్స్_రాజా:
అమ్మినవాళ్ల నంబరు ఉందిగా. చెరిపే ముందు ఒక్క ఫోన్ చేయండి.

నాలుగు_మైకులు:
ఆర్8లో కూడా ఒకేసారి రెండే రికార్డ్ అవుతాయి. తర్వాత నన్ననకండి.