పాత కథల్లోని చీకటి, పిల్లల యానిమేషన్ సినిమాలు: ఏవి వేయాలి, ఎలా వేయాలి?

పుస్తకాల గూడు (కొర్లగుంట, తిరుపతి)

మా అపార్ట్‌మెంట్ పిల్లల లైబ్రరీ తరఫున దసరా సెలవుల్లో నాలుగు సాయంత్రాలు సినిమాలు వేస్తున్నాం. పాతిక మంది పిల్లలు. ఆరేళ్ల వాళ్లూ ఉన్నారు, పన్నెండేళ్ల వాళ్లూ ఉన్నారు. కమ్యూనిటీ హాల్లో తెల్ల గోడ, ప్రొజెక్టర్, రెండు పెద్ద స్పీకర్లు ఉన్నాయి. క్లాసిక్ నవలలు, నాటకాల మీద తీసిన యానిమేషన్ సినిమాలే వేద్దామని అందరం అనుకున్నాం. అసలు పుస్తకాలు తిరగేస్తే ఉరికంబాలు, ద్రోహాలు, చావులు కనిపిస్తున్నాయి. ‘ఫ్యామిలీ’ అని ఉంటే నమ్మి వేసేయవచ్చా? భయపెట్టే సీన్లు ఫార్వర్డ్ చేయవచ్చా? పుస్తకం ముందు చెప్పాలా, సినిమా ముందు చూపించాలా?

చిత్తూరు చదువరి

సర్టిఫికెట్‌ని ఒక్కదాన్నే నమ్ముకోకండి. ‘వాటర్‌షిప్ డౌన్’ (1978) పోస్టర్ మీద కుందేళ్లుంటాయి. రిచర్డ్ ఆడమ్స్ 1972 నాటి నవల ఆధారం. బ్రిటన్‌లో అందరూ చూడొచ్చని ‘యు’ ఇచ్చారు. లోపల చూస్తే కుందేళ్లు ఒకదాన్నొకటి చీల్చుకుంటాయి, బొరియలు పూడ్చేస్తే ఊపిరాడక చచ్చిపోతాయి. దశాబ్దాల తర్వాత అక్కడి సెన్సార్ బోర్డే దాన్ని ‘పీజీ’కి (పెద్దల పర్యవేక్షణలో చూడాలి) మార్చింది. మన దగ్గర 2024 నిబంధనలతో యూఏని (పిల్లలు పెద్దల మార్గదర్శనంతో చూడాల్సిన సినిమాలకిచ్చే సర్టిఫికెట్) 7+, 13+, 16+ అని విడగొట్టారు. కొత్త సినిమాలకు అది పనికొస్తుంది, పాతవాటికి మీరే కూర్చుని చూడాలి.

జార్జ్ ఆర్వెల్ నవల మీద తీసిన ‘యానిమల్ ఫార్మ్’ (1954, 72 నిమిషాలు) విషయంలోనూ ఇదే పొరపాటు జరుగుతుంది. యజమానిని తరిమేసిన జంతువుల మీద పందులే పెత్తనం చేసే కథ అది. పందులు, కోళ్లు కనబడగానే పసిపిల్లలను ముందు వరసలో కూర్చోబెడతారు. జీవితమంతా చాకిరీ చేసిన బాక్సర్ అనే గుర్రాన్ని బండెక్కించి కబేళాకి పంపే సీను వస్తుంది. గాడిద అరుస్తూ ఆ బండి వెనకాల పరిగెడుతుంది. పదకొండేళ్లు దాటినవాళ్లకే వేయండి. పుస్తకం చివర పందులెవరో మనుషులెవరో పోల్చుకోలేక జంతువులు కిటికీలోంచి చూస్తూ ఉండిపోతాయి. సినిమాలో మాత్రం అవి మళ్లీ తిరగబడి పందులను కూలదోస్తాయి. దీనికి అమెరికా గూఢచారి సంస్థ సీఐఏ రహస్యంగా డబ్బు పెట్టింది. ముగింపు మారడం వెనక ఆ రాజకీయం ఉంది. పెద్ద పిల్లలకు ఈ సంగతి చెప్పి, రెండు ముగింపులూ పక్కపక్కన పెట్టి మాట్లాడించండి. గంటసేపు నడుస్తుంది.

ఫార్వర్డ్ మాత్రం చేయకండి. ‘లయన్ కింగ్’ (1994) కథకు షేక్‌స్పియర్ నాటకం ‘హామ్లెట్’ పోలిక ఉందని తెలిసిందే: అన్నను చంపి గద్దెనెక్కిన తమ్ముడు, ఆ అన్న కొడుకు. అడవి దున్నల తొక్కిసలాట తర్వాత పిల్ల సింహం సింబా, చనిపోయిన తండ్రి కాలు ఎత్తుకుని దాని కింద దూరి పడుకుంటాడు. ఆ సీను దాటేస్తే, వాడు ఊరొదిలి ఎందుకు పారిపోయాడో ఆరేళ్ల పిల్లకు అర్థం కాదు. పైగా పెద్దవాళ్లు రిమోట్ కోసం తడుముకోవడం చూసి, ఏదో ఘోరం దాచారని ఊహించుకుంటుంది. కంటికి కనబడే భయం కన్నా ఊహలోది పెద్దది. మీ గుంపులో చిన్నవాళ్లున్నారు కాబట్టి మొదటి సాయంత్రం ఇదే వేయండి. 2019 వెర్షన్‌కి తెలుగు డబ్బింగ్ ఉంది, కానీ అది 118 నిమిషాలు, పాతది 88. పాతదాంట్లో బొమ్మల ముఖాల్లో భావం బాగా పలుకుతుంది, భాష రాకపోయినా కథ అందుతుంది.

బొమ్మలాట

నా ఓటు ‘హంచ్‌బ్యాక్ ఆఫ్ నోటర్‌డామ్’ (1996, 91 నిమిషాలు)కి. ఎనిమిదేళ్లు దాటినవాళ్లకు. విక్టర్ హ్యూగో 1831లో రాసిన నవలలో జిప్సీ నాట్యగత్తె ఎస్మరాల్డాను ఉరి తీస్తారు. దాదాపు రెండేళ్ల తర్వాత శవాలు పడేసే చోట ఆమె అస్థిపంజరాన్ని కావలించుకుని ఒక గూనివాడి అస్థిపంజరం దొరుకుతుంది, అది చర్చి గంటలు మోగించే క్వాసిమోడోది. విడదీయబోతే పొడైపోతుంది. సినిమాలో ఇద్దరూ బతుకుతారు. అందరూ ఈ మార్పు గురించే మాట్లాడతారు గానీ, నాకు అంతకన్నా పెద్దదిగా కనబడే మార్పు ఫ్రోలోది. నవలలో అతను చర్చి అధికారి. దిక్కులేని పసివాడు క్వాసిమోడోని జాలితో తనే పెంచుకుంటాడు. అంత దయగల మనిషి ఎస్మరాల్డా మోహంలో పడి దిగజారడమే అసలు విషాదం. సినిమా అతన్ని న్యాయమూర్తిని చేసింది. మొదటి నిమిషాల్లోనే క్వాసిమోడో తల్లి చావుకు కారణమవుతాడు, బిడ్డను బావిలో పడేయబోతాడు, చర్చి పెద్ద అడ్డుపడితేనే పెంచడానికి ఒప్పుకుంటాడు. పిల్లలకు దుర్మార్గుడు ఎవరో వెంటనే తెలిసిపోతుంది, ఆ సౌకర్యం కోసమే ఈ మార్పు.

మీరు గమనించాల్సిన చోట్లు మూడు. ఒకటి, ఈ మొదటి సీను. పిల్లలు ఇంకా సర్దుకుంటూ ఉండగానే వచ్చేస్తుంది, కాబట్టి అందరూ కూర్చున్నాకే మొదలుపెట్టండి. రెండోది జాతర. క్వాసిమోడోకి కిరీటం పెట్టిన జనమే అతన్ని కట్టేసి కూరగాయలతో కొడతారు. మొదట పిల్లలు నవ్వుతారు, తర్వాత నవ్వు ఆగిపోతుంది. ఆపి వివరించకండి, ఆ నిశ్శబ్దం వాళ్లదే. మూడోది పొయ్యి మంటల ముందు ఫ్రోలో పాడే పాట. చిన్నపిల్లలకు మంటలూ ఎర్రటి ఆకారాలూ మాత్రమే కనిపిస్తాయి, పెద్దపిల్లలు ‘ఆయనకి ఏమైంది?’ అని అడుగుతారు. ‘తన తప్పును ఎస్మరాల్డా మీదకి నెడుతున్నాడు’ అనండి, సరిపోతుంది. ఇక చర్చి మీది మాట్లాడే రాతిబొమ్మల హాస్యం నాకు బొత్తిగా నచ్చదు. భయం మనసులోకి దిగకముందే జోకు వచ్చి పడుతుంది.

సినిమా అయ్యాక పుస్తకం చెప్పండి, ముందు వద్దు. ముందు చెబితే ఉరి కోసం ఎదురుచూస్తూ కూర్చుంటారు.

అలిపిరి మెట్టు

పినోకియో గురించి ఎవరూ చెప్పలేదే! ఇటలీ రచయిత కొలోడి ఈ కొయ్యబొమ్మ కథను 1881లో పిల్లల పత్రికలో సీరియల్‌గా మొదలుపెట్టాడు. 15వ అధ్యాయంలో బొమ్మను చెట్టుకు ఉరేసి కథ ముగించేశాడు. ఇంకా కావాలని అడగడంతో మళ్లీ రాసి 36 అధ్యాయాలు చేశాడు, పుస్తకం 1883లో వచ్చింది. బుద్ధులు చెప్పే కీచురాయిని నాలుగో అధ్యాయంలోనే పినోకియో సుత్తి విసిరి చంపేస్తాడు. డిస్నీ (1940, 88 నిమిషాలు) ఆ కీచురాయికే టోపీ, గొడుగు ఇచ్చి కథ చెప్పించింది.

ఇందులో గుండె ఝల్లుమనేది పినోకియో స్నేహితుడు లాంప్‌విక్ గాడిదగా మారే సీను. మొదట చెవులు, తోక, తర్వాత గోడ మీద నీడ నాలుగు కాళ్ల మీదకి వంగడం, ‘అమ్మా’ అన్న కేక ఓండ్రలోకి తిరగడం. ఆ పిల్లలను ఎవరూ విడిపించరు. సినిమా వాళ్లను అక్కడే వదిలేసింది. అయిపోగానే ‘గాడిదలైన వాళ్లు ఏమయ్యారు?’ అని తప్పక అడుగుతారు, జవాబు సిద్ధం చేసుకోండి. పుస్తకంలో పినోకియో ఆ స్నేహితుణ్ని మళ్లీ కలుస్తాడు, ఒక రైతు పాకలో, గాడిదగానే చచ్చిపోతూ ఉండగా. పదేళ్ల పైవాళ్లకు అదే చదివి వినిపించండి. చిన్నవాళ్లచేత వాళ్లను విడిపించే కథ అల్లించండి.

గియెర్మో డెల్ టోరో తీసిన 2022 పినోకియో 117 నిమిషాలు. ముసోలినీ కాలపు ఇటలీలో నడుస్తుంది, మొదట్లోనే బాంబు పడి, పినోకియోని చెక్కిన జెపెటో కొడుకు చనిపోతాడు. ఆస్కార్ వచ్చింది కదా అని చిన్నవాళ్లకు వేయకండి. పదకొండు, పన్నెండేళ్ల వాళ్లకు విడిగా ఒక సాయంత్రం పెట్టుకోండి.

సౌండ్ బాక్స్

సినిమాల ఎంపిక పైవాళ్లు చెప్పారు, హాలు సంగతి చెబుతాను. పిల్లలు బొమ్మ కన్నా శబ్దానికి ఎక్కువ బెదురుతారు. స్పీకర్లను నేల మీద పెట్టకండి, చిన్నపిల్లల చెవులు ఆ ఎత్తులోనే ఉంటాయి. పెద్దవాళ్ల తల ఎత్తుకు లేపండి. సౌండ్ సెట్టింగ్‌లో ‘నైట్ మోడ్’ ఉంటే పెట్టండి, మాటలు వినపడతాయి, పిడుగులు తగ్గుతాయి. బేస్ సగానికి దించండి. ఖాళీ హాల్లో సరిచూసిన వాల్యూమ్ జనం నిండాక చాలదు, అందరూ వచ్చాక పది నిమిషాలు వేసి సర్దండి. హాలు కటిక చీకటి చేయకండి, వెనక ఒక బల్బు వెలగనివ్వండి. తలుపు దగ్గర ఒక వరస ఖాళీగా ఉంచితే, ఏడ్చే బిడ్డను అమ్మ ఎవరికీ అడ్డం రాకుండా తీసుకెళ్తుంది.

పుస్తకాల గూడు

చాలా సంతోషం. ఒక్కటి తేలలేదు. ‘ఇంత చీకటి కథలు పసిపిల్లలకు ఎందుకు?’ అని కొందరు తల్లిదండ్రులు అడుగుతున్నారు. ఏం చెప్పాలి?

అవిలాల

అక్కా, తిరుపతిలో ఈ ప్రశ్నకు గంగమ్మ జాతరే జవాబు. పాలెగాడు ఆడవాళ్లను చెరిచాడు, అమ్మ వాడి తల నరికింది. ఆ కథే కదా ఏటా మనం ఆడేది! ఒళ్లంతా రంగులు పూసుకుని బైరాగి వేషం, బండ వేషం కట్టేవాళ్లలో పిల్లలూ ఉంటారు. దొర వేషంలో పాలెగాణ్ని చంపాక కథ అక్కడితో ఆగదు. అమ్మ మాతంగి వేషంలో వెళ్లి వాడి పెళ్లాన్ని ఓదారుస్తుంది. చిత్తూరు పల్లెల్లో పద్దెనిమిది రోజుల భారతంలో దుర్యోధన వధకి ఇంటిల్లిపాదీ వెళ్తారు, మట్టితో చేసిన పెద్ద దుర్యోధనుడి చుట్టూ పిల్లలే ముందుంటారు.

సినిమా ఎంచుకునేటప్పుడు మాతంగి వేషం ఉందా అని చూడండి. ‘హంచ్‌బ్యాక్’లో ఉంది: చివర ఎండలోకి వచ్చిన క్వాసిమోడో దగ్గరికి ఒక చిన్నపాప నడిచొచ్చి ముఖం తాకుతుంది. 1940 పినోకియోలో గాడిద పిల్లలకు అది లేదు, అందుకే పిల్లలు ఆ బాధను మోసుకుని ఇంటికెళ్తారు. సినిమాలో లేనిచోట ఆ పని మీరు చేయాలి. అయిపోగానే లైట్లు వేసి పంపేయకుండా పావుగంట కూర్చోబెట్టండి, తలా ఒక అరటిపండు ఇచ్చి మాట్లాడనివ్వండి.

చిత్తూరు చదువరి

ఇంకొక్క మాట. ఇంటి ఓటీటీ ఖాతా సొంతంగా చూసుకోవడానికే, హాల్లో జనానికి వేయడానికి కాదు. కాపీరైట్ చట్టం సెక్షన్ 52 కింద విద్యాసంస్థ తన విద్యార్థులకు, సిబ్బందికి, తల్లిదండ్రులకు సినిమా చూపించుకోవచ్చు, అపార్ట్‌మెంట్ సంఘానికి ఆ వెసులుబాటు లేదు. దగ్గర్లో స్కూలు ఉంటే, అక్కడ చదివే పిల్లలకు వాళ్ల కార్యక్రమంగా అక్కడే పెట్టించండి. అది కుదరకపోతే హక్కులున్నవాళ్ల అనుమతి ముందే రాతపూర్వకంగా తీసుకోండి. దసరాకి నెల ముందు అడగండి, జవాబు ఆలస్యంగా వస్తుంది.